రాజుగారి ఊదారాయి

ఒకానొక కాలంలో మాల్యవంతమనే రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. యుద్ధంలో ధైర్యవంతుడే. దానధర్మాలకూ వెనకాడేవాడు కాదు. కానీ తన మాట తప్పని ఎవరైనా అంటే మాత్రం భరించలేకపోయేవాడు. దానికి తోడు ద్రాక్షసారాయి మీద మోజు ఎక్కువ.

ఆయన కొలువులో మాచన అని ఒక ఉద్యోగి ఉండేవాడు. రాజాజ్ఞలను నలుగురిలో నిలబడి చదివి వినిపించడం అతని పని. సభలో ఎవరైనా గొప్పలకు పోతే ఒక్క మాటతో నేలకు దించేవాడు. అందుకే రాజుకు అతనంటే ఇష్టమూ ఉండేది, కాస్త జంకూ ఉండేది.

ఒక ఏడు పడమటి సముద్రం దాటి ఒక వర్తకుడు వచ్చి రాజుకు ఉంగరం చూపించాడు. అందులో పొదిగిన స్ఫటికం ఊదారంగులో, మగ్గిన నేరేడుపండులా నిగనిగలాడుతోంది. తమ దేశంలో ఆ రాయి పేరుకు అర్థమే 'మత్తెక్కనిది' అని వర్తకుడు చెప్పాడు. పూర్వం మద్యానికి అధిపతి అయిన ఒక వేల్పు ఒక కన్య మీద ఆగ్రహించాడట. ఆ పిల్ల తనను కాపాడమని దేవతను వేడుకుని తెల్లటి రాయిగా మారిపోయిందట. అది చూసి వేల్పు పశ్చాత్తాపపడి, తన గిన్నెలోని ద్రాక్షసారాయిని ఆ రాయి మీద ఒలకబోశాడట. అప్పుడు పట్టిన రంగట ఇది. ఆనాటినుంచీ దాన్ని ధరించినవాణ్ణి మత్తు అంటదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

రాజు కథంతా విన్నాడో లేదో గానీ, ఆ చివరి మాట మాత్రం చెవికెక్కించుకున్నాడు. అడిగినంతా ఇచ్చి ఉంగరం కొన్నాడు.

ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. గిన్నె మీద గిన్నె తాగేవాడు. తూలి పడబోయి, నేల ఎగుడుదిగుడుగా ఉందని తాపీవాళ్లను పిలిపించి తిట్టాడు. విన్న పాటనే మళ్లీ పాడించుకుని, గాయకుడికి కొత్తపాట రాదని కోప్పడ్డాడు. ఎవరైనా నోరు తెరవబోతే ఉంగరపు వేలు చూపించేవాడు. ఈ రాయి ఉండగా నాకు మత్తేమిటి అనేవాడు. సభ సభంతా తల ఊపేది.

ఇదంతా మొదట మాచనకు నవ్వు తెప్పించింది. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు.

తెల్లవారేసరికి రాజుకు తల పగిలిపోయేది. తాగుడు వల్ల అనుకోవడానికి వీల్లేదు, రాయి ఉంది కదా! మరి ఇంకో కారణం కావాలి. కోటకు దిగువన కంచరి వీధి ఉంది. ఊరి బిందెలూ, చెంబులూ, గుడిగంటలూ అన్నీ అక్కడే తయారవుతాయి. పొద్దు పొడవగానే సుత్తులు మోగుతాయి. ఒక ఉదయం రాజు కణతలు నొక్కుకుంటూ ఆ మోత విన్నాడు. దొంగ దొరికినట్టు లేచి కూర్చున్నాడు. తన తలనొప్పికి కంచరులే కారణమని తేల్చేశాడు. ఆ క్షణంనుంచి ఒక్క సుత్తి మోగకూడదనీ, అమావాస్యలోగా వీధి మొత్తం ఖాళీ చేసి రాజ్యపు పొలిమేర దాటాలనీ ఆజ్ఞ రాయించాడు.

దాన్ని చదివి వినిపించడం మాచన వంతయింది. అతను కంచరి వీధి మొగలో నిలబడి తలెత్తకుండా చదివాడు. జనం ఏడవలేదు, అరవలేదు. అది అతన్ని ఇంకా బాధపెట్టింది. వీధి పెద్ద రుద్రోజు చేతుల మసి పంచెకు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు.

"అయ్యా, మేం చేసిన తప్పేమిటో అందులో రాసుందా?"

మాచన ఆజ్ఞకేసి మరోసారి చూశాడు, లేదని తెలిసి కూడా. "లేదు" అన్నాడు.

"తప్పు చెప్పకుండానే శిక్షా?" అన్నాడు రుద్రోజు. అంతే అన్నాడు. వెనక ఒక ముసలావిడ అప్పటికే ఇంట్లో సామాను మూటగట్టడం మొదలుపెట్టింది.

మాచనకు ఒళ్లు మండిపోయింది. ఒకడు తాగితే ఊరంతా తూలాలా? రాజు మీద ఎంత కోపం వచ్చిందో, అన్నాళ్లూ తల ఊపిన సభ మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఆ సభలో తానూ ఉన్నాడు.

ఉంగరం అమ్మిన వర్తకుడు ఏడాది తిరిగి మళ్లీ సరుకుతో వచ్చి రేవు దగ్గర సత్రంలో దిగాడని తెలిసి, మాచన తిన్నగా అక్కడికి వెళ్లి నిలదీశాడు. నీ కట్టుకథ ఒక వీధిని నేలమట్టం చేస్తోందన్నాడు. వర్తకుడు సిగ్గుపడ్డాడు. తమ దేశంలోనూ ఆ ఉంగరాలు పెట్టుకుని మురుగుకాలవల్లో పడేవాళ్లు ఉన్నారని ఒప్పుకున్నాడు. పూర్వం అక్కడి దొరలు ఆ రాతితో గిన్నెలు చెక్కించుకుని మంచినీళ్లు తాగేవారట. రాతి రంగుకు నీళ్లే సారాయిలా కనబడేవట. మత్తెక్కదన్న మాట బహుశా అలా పుట్టి ఉంటుందన్నాడు. రాయి మాత్రం నిఖార్సైనదేననీ, నిప్పుకు దూరంగా ఉంచాలనీ, బాగా కాగితే ఊదారంగు పోయి పసుపురంగుకు తిరుగుతుందనీ చెప్పాడు.

మాచన ఆ ముక్క విని, ఇంకేమీ అడక్కుండా తిరిగి వచ్చాడు.

మర్నాడు కొలువులో అతను లేచి, ఉంగరం సంగతిలో ఒక సందేహం ఉందని మనవి చేసుకున్నాడు. ఏలినవారు తాగినదాని మత్తు ఏలినవారికి ఎక్కకపోతే, అది ఎక్కడికి పోతున్నట్టు అని అడిగాడు. రాయిలోకి పోతోందని రాజు గర్వంగా చెప్పాడు. అయితే ఏడాదిగా అంత భారం మోసిన రాయి ఎలా ఉందో పరీక్షించడం మంచిది కదా అన్నాడు మాచన. బంగారాన్ని నిప్పులో పెట్టి చూసినట్టు దీన్నీ చూద్దామన్నాడు.

"నిజమైన రాయిని నిప్పు ఏమీ చెయ్యలేదు. పెట్టి చూడు" అన్నాడు రాజు. "అది ఉన్నట్టే ఉంటే కంచరులతో పాటు నువ్వూ పొలిమేర దాటాలి."

"దాటుతాను ప్రభూ. ఉన్నట్టు లేకపోతే కంచరులు ఇక్కడే ఉండాలి."

రాజు సరేనన్నాడు. కంసాలి వచ్చి ఉంగరంలోంచి రాయి తీశాడు. దాన్ని ఇసుక పోసిన మట్టి మూసలో పెట్టి, మూత అంచులు బంకమట్టితో మెత్తి దాని మీద రాజముద్ర వేశారు. సుత్తులకే గాని కొలిములకు నిషేధం లేదు కనుక దాన్ని రుద్రోజు కొలిమిలో ఉంచారు. చుట్టూ రాజభటులు కాపలా కాశారు. రాయి పగిలితే ఏం గతి అని రుద్రోజు మెల్లగా అడిగాడు. మీ బండిలో నాకు కాస్త చోటివ్వమన్నాడు మాచన. తిత్తి ఊదుతున్నంతసేపూ మాచన కొలిమి పక్కనుంచి కదల్లేదు.

ఆ మర్నాటి ఉదయం రాజు తలకు తడిగుడ్డ చుట్టుకుని కొలువుకు వచ్చాడు. చల్లారిన మూసను ఆయన ఎదుటే పగలగొట్టారు. ఇసుకలోంచి రాయి దొర్లింది. ఎక్కడా పగుల్లేదు. కానీ ఊదారంగు మచ్చుకైనా లేదు. పచ్చగా, పసుపుకొమ్ములా ఉంది.

"నా రాయికి ఏమైంది?" అన్నాడు రాజు.

"కామెర్లు ప్రభూ."

సభంతా రాజుకేసి తిరిగింది.

"ఏలినవారి బదులు ఏడాదిపాటు ఇదే కదా తాగింది" అన్నాడు మాచన. "తాగుబోతుకు చివరికి వచ్చేదే దీనికీ వచ్చింది."

రాజు ముఖం కందిపోయింది. "వేడికి రంగు మారి ఉంటుంది" అన్నాడు.

"అయి ఉండవచ్చు. కానీ నిజమైన రాయిని నిప్పు ఏమీ చెయ్యలేదని ఏలినవారే సెలవిచ్చారు. రాయి నిజమైనదైతే దీనికి కామెర్లు. కాకపోతే ఈ ఏడాదంతా మత్తెక్కింది రాయికి కాదు, ఇంకొకరికి. ఏది నిజమో సెలవిస్తే అదే చదివి వినిపిస్తాను."

రాజు ఆ రాయిని చేతిలోకి తీసుకున్నాడు. మాచన గొంతులో చమత్కారం పోయింది.

"ఈ పొద్దు తలనొప్పి ఉందా ప్రభూ?"

రాజు చెయ్యి తడిగుడ్డ మీదికి పోయింది. "ఉంది."

"ఆజ్ఞ చదివినప్పటినుంచీ ఒక్క సుత్తి మోగలేదు. మరి ఈ నొప్పికి ఎవరిని వెళ్లగొడదాం? ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. ఏలినవారు మద్దెల ఓడు అనడంతో ఊరుకోలేదు, చేసినవాణ్ణి ఊరు దాటించబోయారు. అక్కడ ముసలివాళ్లు మూటలు కట్టుకుంటున్నారు. తమ తప్పేమిటని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది."

రాజు ఆ పచ్చటి రాయిని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన భుజాలు మెల్లగా కదిలాయి. కోపంతో వణుకుతున్నాడనుకుని మంత్రులు ఒకడుగు వెనక్కి వేశారు. తీరా చూస్తే నవ్వు.

"రాయికి కామెర్లా?" అంటూ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "పాపం, నా పాలబడి పచ్చబడింది."

ఆజ్ఞ అప్పటికప్పుడే రద్దయింది. రాజు మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేశాడు. మాచన దణ్ణం పెట్టాడు గాని నవ్వలేదు. హారం తనకు చాలుననీ, కంచరులకు మాత్రం ఏలినవారు స్వయంగా వెళ్లి చెబితే బాగుంటుందనీ అన్నాడు. మంత్రులు ముఖముఖాలు చూసుకున్నారు. రాజు ఒక్క క్షణం తటపటాయించి, పల్లకీ వద్దని నడిచే బయలుదేరాడు.

కంచరి వీధిలో సగం బండ్లు కట్టి ఉన్నాయి. రాజు వాటి మధ్య నిలబడి, తప్పు మీది కాదు, నాది అని చెప్పాడు. ఆ మాట ఆయన నోట పలకడానికి కాస్త సమయం పట్టింది. ఎవరూ జేజేలు కొట్టలేదు. రుద్రోజు చేతులు కట్టుకుని విన్నాడు.

"పని మొదలుపెట్టమంటారా ప్రభూ? చప్పుడవుతుంది మరి."

"కానివ్వు. ముందుగా నాకో కంచు లోటా చెయ్యి."

"దేనికి ప్రభూ?"

"మజ్జిగకు" అన్నాడు రాజు.

రుద్రోజు కంచురేకు తీసి దిమ్మె మీద పెట్టి, సుత్తి ఎత్తి ఒక్కటి వేశాడు. రాజు రెండు చేతులా తల పట్టుకుని అరుగు మీద చతికిలబడ్డాడు. ఆ అవస్థ చూసి మొదట రుద్రోజు పెదవులు కదిలాయి, తరువాత వీధంతా నవ్వింది. తల పట్టుకుని ఉన్న రాజు కూడా నవ్వాడు. అప్పుడు నవ్వాడు మాచన.