మాంత్రికుడి కంటే పెద్దవాడు

అనగా అనగా, మన తాతలకి తాతలు కూడా పుట్టని కాలంలో, కందరపురాన్ని ఏలే రాజు ఒకడుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఆఖరివాడు కేయూరుడు, ఇరవై ఏళ్ళవాడు. మేనత్త కూతురు నీలవేణితో అతనికి పెళ్ళి కుదిరింది. పందిట్లో తలంబ్రాలు కలుపుతుండగా నల్లగాలి వీచింది. ధూమ్రాక్షుడనే మాంత్రికుడు ఆ గాలిలో వచ్చి పెళ్ళికూతుర్ని ఎత్తుకుపోయాడు.

పెద్దన్న వెతకడానికి వెళ్ళాడు, రాలేదు. నడిమన్న వెళ్ళాడు, రాలేదు.

"నువ్వూ పోతే నాకెవరున్నార్రా?" అని తల్లి కాళ్ళకి అడ్డం పడింది. కేయూరుడు ఆవిడ చేతులు విడిపించుకుని బయలుదేరాడు.

పోగా పోగా సముద్రం వచ్చింది. ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. వల కోసి విడిపించాడు.

"ఎన్నేళ్ళు నాయనా నీకు?" అంది తాబేలు.

"ఇరవై, తాతా. మరి నీకు?"

"మా జాతిలో ఏళ్ళు లెక్కపెట్టం. ఇన్ని ఊపిరులని పుట్టినప్పుడే ఇచ్చేస్తారు. నావి అడుగంటాయి. ఉన్నవాటితో నిన్ను దాటిస్తాను, ఎక్కు."

వద్దన్నా వినలేదు. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. ఏడో సముద్రం ఒడ్డున మెడ చాచి ఇసుక మీద ఆనించింది. మళ్ళీ ఊపిరి తీయలేదు. కేయూరుడు చేతులతోనే గొయ్యి తవ్వి దాన్ని పూడ్చాడు.

ఆ పైన అడవి. వాన వెలిసింది. ఎటు చూసినా చీకటి, దారి లేదు. సాలెగూట్లో ఒక ఉసిలిపురుగు కొట్టుకుంటోంది. మెల్లగా విడిపించాడు.

"నీ వయసెంత?" అంది పురుగు.

"ఇరవై ఏళ్ళు."

"ఏళ్ళంటే ఏమిటి?"

కేయూరుడు వేళ్ళ మీద వానాకాలాలు లెక్కపెట్టి చూపించబోయాడు.

"మాకు రెక్కలు మొలిస్తే పడుచుదనం, రాలితే ముసలితనం," అంది పురుగు. "ఇందాకే మొలిచాయి. దీపం ఎక్కడుందో నాకు తెలుసు, నా వెంట రా."

తళుక్కుమంటూ ముందు అది, తడుముకుంటూ వెనక అతను. మాంత్రికుడి కోట గుమ్మం దగ్గర దాని రెక్కలు రాలిపోయాయి. అతని అరచేతిలో కాసేపు పాకింది. ఆగిపోయింది.

కోట ముంగిట్లో మనిషంత రాళ్ళు రెండు నిలబడి ఉన్నాయి. ముఖాలు పోల్చుకోవడానికి లేకుండా చెరిగిపోయాయి. పెద్దన్న కుడిచేతికి ఆరు వేళ్ళు. ఒక రాతికీ ఆరు వేళ్ళే.

"అన్నా!" అన్నాడు. "అన్నా, నేనే." రాయి పలకలేదు. దాని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. లేచేటప్పటికి అతని తల నెరిసిపోయి ఉంది.

లోపల నీలవేణి మంత్రపు నిద్రలో పడి ఉంది. పక్కనే పంజరంలో చిలుక. ఆ చిలుకలోనే ధూమ్రాక్షుడి ప్రాణం. వాడు పీట మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"నిన్నాపను. ఆ పంజరం తెరువు చూద్దాం! నాకంటే వయసులో పెద్దవాడి చేతికే ఆ తలుపు తెరుచుకుంటుంది. నాకు మూడొందల ఏళ్ళు. నీకో?"

ఇంత చేసీ ఇందుకేనా అనిపించింది కేయూరుడికి.

"రాజకుమారా," అంది చిలుక, "మంత్రం వేసినప్పుడు ఈయన పెద్దవాడు అన్నాడు గానీ, ఏ లెక్కనో పంజరానికి చెప్పలేదు. ఇది ఏళ్ళు లెక్కపెట్టదు, గుండె మోసిన బరువు చూస్తుంది. ఈయన గుండె ఎవరికోసమూ బరువెక్కలేదు. నిన్న పుట్టిన పిల్లాడితో సమానం. చెయ్యి వెయ్యి."

"వేస్తే నువ్వు చస్తావుగా?"

"చస్తాను. ఈ మూడొందల ఏళ్ళలో ఒక్కసారీ ఎగరలేదు. నేను బతికానని చెప్పుకోవడానికి ఒక్కసారైనా ఎగరాలి."

కేయూరుడు చెయ్యి వేశాడు. తలుపు తెరుచుకుంది. ధూమ్రాక్షుడు పీట మీంచి దూకేలోగా చిలుక కిటికీ దాటింది, ఆకాశంలో ఒక్క చుట్టు చుట్టింది, రాయిలా రాలింది. మాంత్రికుడు నేలకూలి బూడిదయ్యాడు.

నీలవేణి కళ్ళు తెరిచింది. "బావా, నీ జుట్టేమిటి ఇలా..." అంది. అతను ముంగిట్లోకి పరిగెత్తాడు. మాంత్రికుడు చస్తే రాళ్ళు మనుషులవుతాయని ఆశ. రాళ్ళు రాళ్ళుగానే ఉన్నాయి. నీలవేణి వచ్చి, ఆరువేళ్ళ చెయ్యి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒడ్డున కట్టి ఉన్న మాంత్రికుడి పడవలో ఇద్దరూ ఇల్లు చేరారు. కావలివాళ్ళు "ఎవరు తాతా నువ్వు?" అని అడ్డగించారు. తల్లి మాత్రం నడక చూసి పోల్చుకుంది.

"నీ అన్నలేర్రా?" అన్నాడు రాజు.

కేయూరుడు తండ్రి పాదాల మీద తల పెట్టాడు. నిన్నటిదాకా గుర్రం ఎక్కిన రాజు, ఆ పూట సింహాసనం మీంచి దిగడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

పెళ్ళి జరిగింది. బాజాలు మోగలేదు. తలంబ్రాలు పోస్తూ నీలవేణి, ఆ నెరిసిన తల మీద బియ్యం చాలా మెల్లగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు జార్చింది. అప్పుడు అతను, ఇల్లు వదిలాక మొదటిసారి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

తరవాత వాళ్ళకి పిల్లలు పుట్టారు, పంటలు పండాయి. కేయూరుడు చాలా కాలం ఏలాడని జనం చెప్పుకుంటారు. ఎన్నేళ్ళని ఆయన్ని అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.