వేరుకు మట్టి లేని పువ్వు

అనగనగా, చెరువులకింకా పేర్లు పెట్టని కాలంలో ఒక పెద్ద మడుగు. ఆ మడుగులో తుంగ కోసి, చాపలు అల్లుకు బతికే నాంచారి. ఆవిడకో కోడలు, బుల్లెమ్మ. ఊ కొట్టండి, లేకపోతే నాకు కథ సాగదు.

బుల్లెమ్మకు పువ్వుల పిచ్చి. ఒకసారి తీర్థానికి వెళ్లి ఊదారంగు పువ్వున్న నీటిమొక్క కొనుక్కొచ్చింది. కాడలు బుడ్డుల్లా ఉబ్బి ఉన్నాయి. నాంచారి దాన్ని తలకిందులు చేసి చూసింది.

“కలువ వేరుకు మట్టుంది. తామర వేరుకు మట్టుంది. మన తుంగ వేరుకూ మట్టుంది. దీనికి లేదే పిల్లా! ఇది మన నీళ్లది కాదు. ఎండలో పారెయ్.”

“ఇంత చక్కని పువ్వును పారెయ్యమంటావా అత్తా?” అంది బుల్లెమ్మ. అత్త అటు తిరగ్గానే మడుగులో వదిలేసింది.

తొలి ఏడు అది చాపంత అయింది. మలి ఏడు కళ్లమంత అయింది. మూడో ఏడు నీళ్లు కనబడితే ఒట్టు. తుంగ కుళ్లింది. కొంగలు పోయాయి. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. గాలి లేకపోయినా ఆకులు మెల్లగా లేచేవి, మెల్లగా దిగేవి, ఊపిరి తీస్తున్నట్టు.

ఎవరు తెచ్చారో నాంచారికి తెలుసు. అయినా కోడల్ని ఒక్క మాట అనలేదు. పొద్దస్తమానం పీకుతూనే ఉండేది. పీకిన చోటు పీకినట్టే మూసుకునేది.

ఒక సాయంత్రం వాళ్ల దూడ ఆ పచ్చదనాన్ని బీడనుకుని నడిచింది. దాని వెనకే బుల్లెమ్మ పరుగెత్తింది. కాళ్ల కింద నేల లేదు. తల మీద వేళ్లు అల్లుకున్నాయి. ఒడ్డున పీకుతున్న అత్త దూకిన చప్పుడు మాత్రం వినబడింది. కింద నుంచి రెండు చేతులు బుల్లెమ్మను పైకి తోశాయి. ఒడ్డున పడి వెనక్కి చూస్తే, ఆకులు చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి. దూడ రాలేదు. అత్తా రాలేదు.

మర్నాటి నుంచి పొద్దు వాలేవేళ ఆకుల కింద నుంచి అత్త గొంతే. “వేరు చూశావా?”

ఊరంతా తలుపులు బిగించుకుంది. బుల్లెమ్మ మాత్రం, “చూస్తున్నానత్తా” అంటూ నడుముకు తాడు కట్టుకుని దిగింది. పీకింది, వేరు చూసింది, మట్టి లేదు. ఎండలో పారేసింది. మళ్లీ పీకింది, చూసింది, మట్టి లేదు. అది చూసి ఊరికి సిగ్గేసింది. ఒక్కొక్కరే తోడు దిగారు.

చివరి మొక్క బరువుగా వచ్చింది. దాని వేళ్ల మధ్య పిడికెడు మట్టి. ఆ మట్టి మీద అయిదు చేతివేళ్ల అచ్చు. బుల్లెమ్మ దాన్ని గుండెకు హత్తుకుని, అత్త చచ్చిపోయినప్పుడు రాని ఏడుపంతా ఏడ్చింది. ఆ మట్టిని ఒడ్డున పెడితే అక్కడ తుంగ మొలిచింది.

ఇప్పటికీ ఆ మడుగులో కొత్త మొక్క కనబడితే, పీకి, తలకిందులు చేసి, “వేరు చూశాం నాంచారమ్మా” అని నీళ్లకు చెబుతారు. చూడకుండా ఇంటిదారి పడితే, వెనక తుంగలోంచి ఒక ముసలి గొంతు అడుగుతుంది. విన్నవాళ్లు వెనక్కి వెళ్లి ఆ మొక్క పీకుతారు.

నేనూ ఒకసారి వెనక్కి వెళ్లాను.