ముంజేతి మీద చీనా అక్షరం

ఫాన్ గురువుగారు చీనా దేశంలోని ఒక కొండ ఊళ్లో నలభై ఏళ్లుగా కుంచెతో అక్షరాలు రాయడం నేర్పుతున్నారు. ఒక అక్షరాన్ని నూరుసార్లు దిద్దనిదే రెండోది చూపించరు. శిష్యుడు యూషెంగ్‌కు అంత ఓపిక లేదు. సాయంత్రాలు బజారులోని పచ్చబొట్టు దుకాణానికి పోయి, విదేశీయుల ఒంటి మీద పొడవడానికి అక్షరాలు గీసిచ్చేవాడు.

సంగతి తెలిసి గురువు విసుక్కున్నారు. ఒకడు వీపు మీద, ఇంకొకడు పిక్క మీద. అదేమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు, గోడకు రంగు ఎంచుకున్నట్టు ఎంచుకుంటున్నారని అన్నారు. యూషెంగ్ తగ్గలేదు.

"చూడ్డానికి బాగుంటే వాళ్లకు చాలు గురువుగారూ. అర్థం తెలియకపోతే ఎవరికి నష్టం?"

ఆ నెలలో ఈ ప్రశ్న అడగడం మూడోసారి. గురువు టీ తాగుదాం రమ్మని లేచారు.

టీ దుకాణం తావ్ అవ్వది. అక్కడ హెండ్రిక్ అనే తెల్లాయన కూర్చుని ఉన్నాడు. వారం కిందట అతను కొండ మీద ఒక రాతిపై ఉన్న అక్షరాన్ని ఫోటో తీసి తెస్తే, దాన్ని అతని ముంజేతి మీద గీసింది యూషెంగే. అది ఏ రాయి అని యూషెంగ్ అడగలేదు, హెండ్రిక్ చెప్పలేదు. పచ్చబొట్టు మీది కట్టు ఈ పూటే విప్పాడు.

అవ్వ కప్పు పెడుతూ ఆ చెయ్యి చూసి ఆగిపోయింది. ఆమెకు చదువు రాదు. వచ్చిన అక్షరం ఒక్కటే. అది ఇరవై రెండేళ్ల కిందట పోయిన కొడుకు పేరు, వాడి సమాధి రాతి మీద చెక్కినది. ఏటా వసంతంలో ఆ ఊరివాళ్లు సమాధులు శుభ్రం చేసి, వెలిసిపోయిన పేర్లకు మళ్లీ రంగు దిద్దుతారు. ఆమె కూడా దిద్దుతుంది. చెక్కినవాడి ఉలి జారి చివరి గీత కింద చిన్న గాటు పడింది. ఆ గాటు కూడా హెండ్రిక్ చేతి మీద ఉంది. యూషెంగ్ దాన్ని అక్షరంలో భాగమనుకుని జాగ్రత్తగా గీశాడు.

అవ్వ పక్కన కూర్చుని ఆ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. తడి వేలితో ఒక్కొక్క గీతనూ వరసగా దిద్దుతూ గాటు దగ్గర వేలు ఆపింది. హెండ్రిక్ మొదట నవ్వాడు. తర్వాత ఇబ్బందిపడ్డాడు. బస్సుకు వేళయింది, వదలమని చెప్పవయ్యా అని యూషెంగ్‌ను అడిగాడు. యూషెంగ్ చెప్పాడు.

అవ్వ వదల్లేదు.

"ఈయనది ఏ ఊరో అడుగు నాయనా. మా వాణ్ణి ఎంత దూరం తీసుకుపోతున్నాడు?"

యూషెంగ్‌కు అప్పుడు తెలిసింది, ఆ రాయి ఏదో. ఆమె ఏమంటోందని హెండ్రిక్ అతన్ని రెండుసార్లు అడిగాడు. యూషెంగ్ గురువు వైపు తిరిగాడు.

గురువు కప్పు కింద పెట్టారు.

"నన్ను చూస్తావేం? గీసింది నువ్వు. చదివి వినిపించు."