ఉడుకురేవుకి వెళ్ళిన అచ్చియ్యమ్మ

అనగనగనగా, ఏటికి ఈవలి ఒడ్డున ఒక ఊళ్ళో, అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఊ కొట్టు. నువ్వు ఊ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత నన్ననకు.

అచ్చియ్యమ్మకి పనంటే ప్రాణం. తెల్లారకముందే లేచేది. వాకిలి ఊడ్చి ముగ్గేసేది, పాలు పితికేది, అటుకులు దంచేది. నాట్లప్పుడు నాట్లకి, కోతలప్పుడు కోతలకి వెళ్ళేది. ఎవరైనా వచ్చి "నేనో చెయ్యి వేస్తానమ్మా" అంటే, "నువ్వు కూర్చో, నేను చేసుకుంటా" అనేది. ఒకరికి చెయ్యడమే కానీ ఒకరి చేత చేయించుకోవడం ఆవిడకి చేతకాదు. మీ అమ్మకి కూడా కాస్త ఆ జబ్బు ఉందిలే.

అలా చేసి చేసి, ఒక ఏడాది వానలు వెనకపట్టేసరికి ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. వాచి గుమ్మడికాయల్లా అయ్యాయి. ముందు కూర్చుంటే లేవలేకపోయింది. ఆ తర్వాత లేస్తే కూర్చోలేకపోయింది. ఆ తర్వాత మంచం దిగడమే మానేసింది.

ఆవిడకి ఒక్కతే కూతురు, మాణిక్యం. ఏటికి ఎగువన ఇంకో ఊరికిచ్చి పెళ్ళి చేశారు. ఆ పిల్ల కడుపుతో ఉంది, ఏడో నెల నడుస్తోంది. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి కదా. ఏడో నెలలోనే తీసుకొచ్చెయ్యాలి. ఎనిమిదో నెల వచ్చిందంటే పిల్లని పొలిమేర దాటించరు. తొమ్మిదో నెల నిండేటప్పుడు బండి కుదుపుల్లో ఎవరు తెస్తారు? అందుకని అచ్చియ్యమ్మ మొగుడు సత్తెయ్య బండి కట్టుకుని, పసుపూ కుంకుమా చలిమిడీ పట్టుకుని, వియ్యాలవారింటికి బయల్దేరాడు.

వియ్యపురాలి పేరు సూరాయమ్మ. ఆవిడ చలిమిడి పళ్ళెం అందుకుంది, కాళ్ళకి నీళ్ళిచ్చింది, భోజనం పెట్టింది. పిల్లని మాత్రం పంపనంది. "మంచం దిగలేని మనిషి పురుడేం పోస్తుంది అన్నయ్యగారూ? కానుపు ఇక్కడే కానివ్వండి" అంది.

సత్తెయ్య ఖాళీ బండితో తిరిగొచ్చి ఆ మాట చెప్పాడు. అప్పుడు అచ్చియ్యమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. మోకాళ్ళ నొప్పికి ఎన్నడూ ఏడవని మనిషి, ఆ మాటకి ఏడ్చింది. కూతురు మొదటిసారి నొప్పులు పడుతుంటే పక్కన తను ఉండదు కదా అని ఏడ్చింది.

సత్తెయ్య కాసేపు తల గోక్కున్నాడు. ఆ తర్వాత "ఉడుకురేవుకి పోదాం పద" అన్నాడు.

ఉడుకురేవు అంటే ఏమిటో తెలుసా నీకు? ఏటికి బాగా దిగువన, కొండల నడుమ, ఒక పెద్ద ఇసుక తిన్నె. వానాకాలం అంతా ఏటి కిందే ఉంటుంది. కార్తీకం వచ్చి నీరు తీసిందంటే బయటపడుతుంది. అక్కడ ఇసుకలో గుంట తవ్వితే చాలు, అడుగు నుంచి వేడినీళ్ళు ఊరతాయి. పొయ్యి లేదు, కట్టె లేదు, కాగు లేదు. భూమితల్లే కాచి పోస్తుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు వస్తుందే, అలాంటి వాసన. వచ్చిన రోజు అందరూ ముక్కు మూసుకుంటారు. మర్నాటికి ఆ వాసన సంగతే మర్చిపోతారు.

చలికాలం వస్తే చాలు, నడుం పట్టినవాళ్ళు, కాళ్ళు పట్టినవాళ్ళు, ఒంటి మీద గజ్జీ తామరా ఉన్నవాళ్ళు, అందరూ బళ్ళు కట్టుకుని అక్కడికి పోయేవారు. తాటాకు పందిళ్ళు వేసుకుని ఉండేవారు. కొండ మొదట్లో నీళ్ళు సలసలా కాగుతుంటాయి, అక్కడ బియ్యం గుడ్డలో మూటకట్టి గుంటలోకి వేలాడదీస్తే అన్నం అయిపోయేది. చిలగడదుంపలు కూడా అలాగే ఉడికించేవారు. మధ్యాహ్నాలు అష్టాచెమ్మా ఆడుకునేవారు. ఏ నొప్పీ లేనివాళ్ళు కూడా వచ్చేవారు, ఊరికే నాలుగు రోజులు హాయిగా ఉండి పోదామని. కొత్తగా పెళ్ళైనవాళ్ళు కూడా వచ్చేవారు. వాళ్ళకేం నొప్పులో నాకు తెలీదు.

సత్తెయ్య బండిలో గడ్డి పరిచి అచ్చియ్యమ్మని అక్కడికి తీసుకెళ్ళాడు. బండి దిగగానే పోలమ్మ అని ఒక ముసలావిడ ఎదురొచ్చింది. నిప్పు నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే మనిషి. అలా చూడకు, నేను కాల్చను. ప్రతి ఏడూ రేవుకి అందరికంటే ముందు వచ్చి, అందరికంటే ఆఖర్న పోయేది ఆ పోలమ్మే.

"ఇక్కడొక ఆచారం ఉందమ్మా" అంది పోలమ్మ. "ఎవరి గుంట వాళ్ళు తవ్వుకోరు. ముందొచ్చి తేరుకున్నవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళకి తవ్వుతారు. నీకు తగ్గాక, నీ వెనకొచ్చినవాళ్ళకి నువ్వు తవ్వుదువుగాని. అందాకా కూర్చో."

కూర్చోమంటే కూర్చునే మనిషా? "ఎందుకండీ మీకు శ్రమ, నాది నేను తవ్వుకుంటాను" అంది. పోలమ్మ చుట్ట తీసి ఆవిడ మోకాళ్ళకేసి చూసింది. మళ్ళీ చుట్ట పెట్టుకుని వెళ్ళిపోయింది.

సత్తెయ్య ఎడ్లని నీళ్ళకి తోలుకెళ్ళాడో లేదో, అచ్చియ్యమ్మ కొబ్బరిచిప్ప పట్టుకుని ఇసుకలో డేకుతూ పోయింది. మొదటి గుంట ఏటి పక్కనే తవ్వింది. ఏటి నీళ్ళు అందులోకి జొరబడ్డాయి. వణుకుతూ అందులో కూర్చునేసరికి, పట్టేసిన మోకాళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

మర్నాడు కొండ మొదట్లోకి పోయి రెండో గుంట తవ్వింది. కాలి బొటనవేలు పెట్టిందో లేదో బొబ్బెక్కింది. పక్కనే అన్నం మూటలు వేలాడదీస్తున్న ఆడవాళ్ళు చూసి, "ఇది వంట చోటు అక్కా, నువ్వేమన్నా ఉడుకుదామనుకున్నావా?" అని నవ్వారు.

ఆ తర్వాత మూడోనాడు, అటూ కాకుండా ఇటూ కాకుండా నడుమ తవ్వింది. ఈసారి ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. నీళ్ళు నులివెచ్చగా, తేటగా ఊరాయి. కానీ తవ్వి తవ్వి ఆవిడ మోకాళ్ళు కొయ్యబారిపోయాయి. గుంటకీ ఆవిడకీ మధ్య జానెడు ఇసుక. ఆ జానెడూ దాటలేకపోయింది. ఇంతలో కర్ర పట్టుకుని కుంటుకుంటూ ఒక తాత వచ్చాడు. ఆ పొద్దున్నే బండి దిగినవాడు. గుంటని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "నాకోసమేనా తల్లీ? నీ కడుపు చల్లగుండా" అని, పంచె ఎగ్గట్టి అందులో దిగి కూర్చున్నాడు. కళ్ళు కూడా మూసేసుకున్నాడు.

నవ్వుతున్నావా? అచ్చియ్యమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దీవించిన మనిషిని లేచి పొమ్మని ఎలా అంటుంది? అప్పుడు పోలమ్మ పక్కకొచ్చి కూర్చుంది. "సరే, ఒకరికి చేసి పెట్టాలన్న సరదా తీరింది కదా. ఇక నోరు మూసుకుని చేయించుకో" అంది.

అచ్చియ్యమ్మ ఇసుక మీద అలాగే వెల్లకిలా పడుకుంది. ఆకాశంకేసి చూస్తూ, "సరే, చెయ్యండి" అంది. ఆ రెండు మాటలు అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నీకు తెలీదు. బొటనవేలి బొబ్బ దాని ముందు ఎంత?

అప్పుడు పోలమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి గుంట తవ్వారు. ఆవిణ్ణి ఎత్తి మెల్లగా దింపారు. వెచ్చటి నీళ్ళు నడుందాకా వచ్చాయి. మోకాళ్ళ మీద వేడి ఇసుక కప్పారు. ఒకామె అంబలి తెచ్చి నోటికందించింది. అచ్చియ్యమ్మ ముందు సిగ్గుపడింది, ఆ తర్వాత తాగింది, ఆ తర్వాత ఇంకొంచెం పొయ్యమని అడిగింది.

రోజూ అదే పని. నీళ్ళలో కూర్చోవడం, కబుర్లు చెప్పుకోవడం, ఎండలో తల ఆరబెట్టుకోవడం. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ పందిట్లో నిద్రపోయింది. పెళ్ళైన తర్వాత పట్టపగలు నిద్రపోవడం అదే మొదలు. సత్తెయ్య కంగారుపడి, జొరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు పాపం.

మోకాళ్ళ వాపు తీసింది. ముందు కర్ర పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత కర్ర పక్కన పెట్టి నాలుగడుగులు వేసింది. ఆ తర్వాత గొంతుక్కూర్చుని లేచింది. లేచి నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

కానీ అమావాస్య దగ్గర పడుతోంది. అమావాస్య దాటిందంటే మాణిక్యానికి ఎనిమిదో నెల. "రేపు బండి కట్టయ్యా, నేనే నడిచి వెళ్ళి వియ్యపురాలి గుమ్మంలో నిలబడతాను. అప్పుడేమంటుందో చూస్తాను" అంది మొగుడితో.

మర్నాడు వీళ్ళు బండి కట్టుకోబోతుంటే, రేవులోకి ఒక గూడుబండి వచ్చి ఆగింది. అందులోంచి ఎవరు దిగారనుకున్నావు? సూరాయమ్మ. దిగడమంటే దిగడం కాదు, బండి చక్రం పట్టుకుని వంగిన నడుం వంగినట్టే ఉండిపోయింది. వెనకనుంచి ఒక చేత్తో తన కడుపు పట్టుకుని, ఒక చేత్తో అత్తగారిని పట్టుకుని, మాణిక్యం దిగింది.

కూతుర్ని చూసి అచ్చియ్యమ్మ ప్రాణం లేచొచ్చింది. వియ్యపురాలిని చూసి ఒళ్ళు మండింది. మంచం దిగలేని మనిషి అందా, ఇప్పుడు చూడు తన గతి అనుకుంది. అనుకుంది మరి, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎంత మంచివాళ్ళకైనా ఆ మాత్రం కోపం ఉంటుంది.

అప్పుడు పోలమ్మ కొబ్బరిచిప్ప తెచ్చి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టింది. "నీ వెనకొచ్చినావిడ. నీ వంతు" అంది.

అచ్చియ్యమ్మ ఆ చిప్పకేసి చూసింది. కట్టిన బండికేసి చూసింది. ఇంకెవరైనా తవ్వుతారులే అని వెళ్ళిపోవచ్చు. కానీ సూరాయమ్మ మొహం చూసింది. నొప్పికి పళ్ళు బిగబట్టి, కోడలి ముందు మాత్రం కిక్కురుమనకుండా నిలబడింది ఆవిడ. మంచం మీద తను కూడా అలాగే ఉండేది. అచ్చియ్యమ్మ కొంగు దోపి, నడుమ ఇసుకలో గొంతుక్కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది.

నీళ్ళు ఊరాయి. సత్తెయ్యని అవతలికి పంపి, ఆడవాళ్ళందరూ సూరాయమ్మని పట్టుకుని గుంటలోకి దింపారు. కడుపుతో ఉన్నవాళ్ళు వేడి గుంటలో దిగకూడదు కాబట్టి, మాణిక్యం పక్కన ఇసుక మీద కూర్చుని చిలగడదుంప తింటోంది.

సూరాయమ్మ అచ్చియ్యమ్మ కాళ్ళకేసి చూసింది. ఆ తర్వాత, "మీ మోకాళ్ళు బాగున్నాయి వదినగారూ" అంది.

"బాగున్నాయి. ఇప్పుడు పిల్లని పంపుతారా?" అని అడిగేసింది అచ్చియ్యమ్మ.

సూరాయమ్మ తల వంచుకుంది. "మీ మోకాళ్ళు కాదండీ నా భయం. నా నడుం. పిల్ల పుట్టింటికి పోతే, నాకు చెంబెడు నీళ్ళు ముంచిచ్చేవాళ్ళు ఉండరు ఆ ఇంట్లో. మొగుడూ ముగ్గురు కొడుకులూ, నలుగురికీ పొయ్యి ఎటుందో కూడా తెలీదు. ఆ మాట చెప్పుకోలేక నెపం మీ మీద పెట్టాను" అంది.

మాణిక్యం తినడం ఆపేసింది. అచ్చియ్యమ్మ కోపమంతా ఎటు పోయిందో పోయింది. తనూ అలాంటి మనిషే కదా, ఒకరిని అడగడం చేతకాని మనిషి. మెల్లగా వియ్యపురాలి నడుం మీద వేడినీళ్ళు పోస్తూ, "అయితే మీరు ఇంటికి పోకండి. నడుం నిటారుగా నిలిచేదాకా ఇక్కడే ఉండండి. పోలమ్మ గారు చూసుకుంటారు" అంది.

"మరి ఇంట్లో మగాళ్ళు?" అంది సూరాయమ్మ.

"పొయ్యి ఎక్కడుందో వెతుక్కుంటారు" అంది పోలమ్మ, చుట్ట తీయకుండానే.

సూరాయమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే నడుం నొప్పి పుట్టింది, అయినా నవ్వింది. అచ్చియ్యమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత సూరాయమ్మ కోడల్ని దగ్గరికి పిలిచి, తడిచేత్తో బుగ్గలు నిమిరి, "మీ అమ్మ బండెక్కు" అంది.

అమావాస్యకి ముందే మాణిక్యం పుట్టిల్లు చేరింది. సూరాయమ్మ రేవులోనే ఉండిపోయి, నీళ్ళలో కూర్చుని, అష్టాచెమ్మాలో పోలమ్మని ఓడించి, హాయిగా చలికాలం గడిపింది. ఇంట్లో మగాళ్ళు కొన్నాళ్ళు మాడిన అన్నం తిన్నారు. ఆ తర్వాత మాడనిది తిన్నారు. ఏం కాలేదు వాళ్ళకి.

నెలలు నిండాయి. మాణిక్యానికి నొప్పులొచ్చిన నాడు అచ్చియ్యమ్మ మంత్రసాని పక్కనే కూర్చుని, కూతురి చెయ్యి వదల్లేదు. ఆడపిల్ల పుట్టింది. కబురు విని సూరాయమ్మ వచ్చింది, బండి తనంతట తనే దిగింది.

ఆవిడ వచ్చేసరికి అచ్చియ్యమ్మ పెరట్లో పీట మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఆ చాపిన కాళ్ళ మీద పసిగుడ్డుని పడుకోబెట్టుకుంది. పక్కన గంగాళంలో గోరువెచ్చటి నీళ్ళు, పైన తేలుతూ చెంబు. సూరాయమ్మ గుమ్మంలోనే ఆగిపోయి ఆ కాళ్ళకేసి, ఆ పిల్లకేసి చూస్తూ నిలబడింది.

అచ్చియ్యమ్మ తలెత్తి చూసింది. చెంబు తన చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. అయినా అందుకోలేదు. "నేను పట్టుకుంటాను, మీరు పొయ్యండి వదినగారూ" అంది.

ఉడుకు నీళ్ళు రేవుకి,
ఉగ్గు గిన్నె పాపకి,
కథేమో కంచి దారికి,
కన్నేమో నిద్ర దారికి.