బదులు పలికిన పిట్ట

"ఎవరో మాటంటే పడి ఊరుకోవడం ఓడిపోయినట్టే కదా గురువు గారూ?" అని అడిగింది నూకరత్నం.

అడిగింది ముఖలింగం దాసుగారిని. ఆయన హరికథకులు, మా విజయనగరం వైపు ఆయన గజ్జె చప్పుడు తెలియని పందిరి లేదు. శిష్యులు ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని ఇంకేదో సంగతి ఎత్తుకుంటారు. ఆ పూటా అంతే. "రేపు తెల్లారేసరికి గెడ్డ ఒడ్డున తోపుకి వచ్చెయ్యమ్మా. ఆకుపిట్టలు వెళ్లిపోయే రోజులొచ్చాయి, చూద్దువు గాని" అన్నారు. అడిగినదేమిటి, ఈయన చెప్పేదేమిటి అన్నట్టు ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను దాసుగారికి హార్మోనియం వాయించేవాణ్ణి. ఆయన మనసులో మాట నాకు తెలుస్తుందని అందరూ అనుకుంటారు గానీ, నాకు తెలిసేది ఆయన శ్రుతి ఒక్కటే.

ఆ అమ్మాయి ఊరికే అడగలేదు. ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో కల్యాణ కథ చెప్పే అవకాశం ఆమెకొచ్చింది. అంతకుముందు గురువు గారి వెనక నిలబడి వంత పాడడమే గానీ, కథ అంతా ఒక్కతే నెత్తిన వేసుకోవడం అదే మొదలు. పూర్వభాగం గొంతులోకి వచ్చేసింది. ఉత్తరభాగం ఇంకా కాగితం మీదే ఉంది. నవమి చూస్తే దగ్గర పడుతోంది. ఈలోగా కూర్మారావు తగిలాడు. ఏళ్ల తరబడి ఆ పందిట్లో కథ చెప్పింది అతనే. ఈసారి తనని కాదని ఈ అమ్మాయిని పిలిచేసరికి ఒళ్లు మండింది. మాకు కళాభిమానుల వాట్సాప్ గ్రూపొకటి ఉంది. పొద్దున్నే అందులో తన గొంతుతో ఓ మాట వదిలేవాడు. "కాలికి గజ్జె కట్టగానే కళాకారులైపోతే, కోడిపుంజు కాలికీ ఏదో ఒకటి కడతారు మరి" అన్నాడు ఓ రోజు. నూకరత్నం ఊరుకునే మనిషా? "పుంజు కూస్తే తెల్లారిందని అర్థం, మీరు కూస్తే పందిరి పోయిందని అర్థం" అని రాగం కట్టి మరీ బదులు పంపింది. గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరస కట్టాయి. మర్నాడు అతను ఇంకోటి, ఈమె ఇంకోటి. నిజం చెప్పొద్దూ, ఆమె బదుళ్లు మహా పసందుగా ఉండేవి. కాకపోతే ఒక్కో బదులు కట్టేసరికి పొద్దెక్కిపోయేది. సాధన చేసే వేళ అదే.

దాసుగారు చెప్పినట్టే మర్నాడు తోపుకి వెళ్లాం. ఫాల్గుణ మాసం, కానుగలు లేత చిగురు తొడిగి, ఎండ పడ్డచోటల్లా ఆకు నూనె రాసినట్టు మెరుస్తోంది. దాసుగారికి ఈ పిట్టల పిచ్చి ఎప్పటినుంచో ఉంది. శివరాత్రి వెళ్లింది మొదలు దుర్భిణి మెడకు తగిలించుకుని ఆ తోపులోనే తిరుగుతారు. ఆకుపిట్ట ఎంతుంటుందనుకున్నారు? బొటనవేలికి ఈకలు పెడితే అంత. ఒళ్లంతా ముదురాకు రంగు, కంటి మీద సున్నంతో గీసినట్టు ఓ గీత. ఆకుల్లో ఉంటే ఆకే. చిగురు వెనక పురుగుల్ని ఏరుకుంటూ ఓ చోట నిలవదు. చలికాలానికి మా వైపు వస్తుంది, ఎండలు ముదిరేలోపు మంచుకొండల అవతలికి వెళ్లిపోతుంది. ఆ ఒంట్లో పట్టిన కొవ్వే దానికి దారిబత్తెం. ఉన్నన్నాళ్లూ ఒక్కో పిట్ట ఒక్కో చెట్టు తనదని కాపలా కాస్తుంది. ఇంకో పిట్ట గొంతు తన చెట్టు దగ్గర వినిపించిందా, ఇక సహించదు.

నూకరత్నం దుర్భిణి ఎత్తేసరికి పిట్ట ఉండేది కాదు. దించేసరికి "చిస్సువీ" అని పక్క కొమ్మ మీంచి వెక్కిరించేది. మెడ నొప్పెట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా వదల్లేదు. పట్టిన పట్టు విడిచే రకం కాదు ఆ పిల్ల. చివరికి ఓ ఉపాయం తట్టింది. కాస్త దూరంలో ఇంకో పిట్ట అరుస్తుంటే ఆ అరుపు ఫోనులో పట్టింది. తిరిగొచ్చి ఈ కానుగ కింద నిలబడి వినిపించింది. అంతే, పైనున్న పిట్ట బాణంలా దిగి ఆమె ఎదురుగా మూరెడు దూరంలో వాలింది. రెక్కలు విదిలించి, మెడ సాచి, ఫోను వైపు తిరిగి ఒకటే అరుపు. ఎంత ముద్దొచ్చిందనీ! నాకైతే దుర్భిణి అవసరమే లేకపోయింది. ఆమె మళ్లీ వినిపించింది, అది మళ్లీ బదులిచ్చింది. ఆమె నవ్వు ఆపుకోలేక కొమ్మ మార్చి వినిపిస్తే, అదీ కొమ్మ మారి కలబడింది. చుట్టుపక్కల చెట్ల మీద దీని తోటివన్నీ కిమ్మనకుండా పురుగుల్ని ఏరుకుంటున్నాయి. దాసుగారు అటూ చూస్తున్నారు, ఇటూ చూస్తున్నారు.

ఎండ తోపులోకి దిగింది. తనివి తీరి ఆమె ఫోను ఆపేసింది. పిట్ట మాత్రం ఆపలేదు. ఫోను ఉన్న చేతి వైపే చూస్తూ అరుస్తూనే ఉంది. ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. అయినా అరుస్తూనే ఉంది. నవ్వుతున్న మనిషి కాస్తా నవ్వు మానేసి, "నేను ఆపేశాను కదండీ. ఇంకా ఎవరితో దీని గొడవ?" అంది.

"గొడవ అయిపోయిందమ్మా, అదే గెలిచింది" అన్నారు దాసుగారు. తర్వాత ఆకుల కేసి చూసి, "ఎండెక్కిపోయింది. ఈ వేళప్పుడు పురుగు ఆకు మాటుకు పోతుంది. ఇక దానికి మేత దొరకదేమో" అన్నారు.

నూకరత్నం ఫోను తెచ్చి నా సంచిలో పడేసి, చెట్టుకి దూరంగా వెళ్లి నేల మీద కూర్చుంది. పోదాం పదమ్మా అన్నాను. అది ఒక్క పురుగు తినేదాకా కదలనంది. మేమూ కూర్చున్నాం. సంచిలో ఫోను గుయ్యిమంది. కూర్మారావు ఆ పూట మాట వదిలాడన్నమాట. ఆమె చెవికి వినబడే ఉంటుంది, తల తిప్పలేదు. పిట్ట అరిచింది, ఆగింది, మళ్లీ అరిచింది. చాలాసేపటికి రెక్క సర్దుకుని, పై కొమ్మకు ఎగిరి, చిగురు వెనక ముక్కు పెట్టి ఏదో లాగింది. అప్పుడు లేచింది నూకరత్నం.

ఆ రోజు నుంచి ఆ అమ్మాయి సాధన చూసి తీరాలి. గొంతు రాసుకుపోతే మిరియాల పాలు తాగి మళ్లీ కూర్చునేది. చిడతలు పట్టి పట్టి వేళ్లు కమిలిపోయాయి. అడుగు తప్పితే మొదటికొచ్చేది గానీ మధ్యలోంచి అందుకునేది కాదు. అక్కడ కూర్మారావు రెచ్చిపోయాడు. బదులు రాకపోయేసరికి జడిసిపోయిందన్నాడు, నాలుక పడిపోయిందన్నాడు. గ్రూపులో వాళ్లకీ ఉసూరుమంది. "ఏం బాబాయ్, మీ పిల్ల చేతులెత్తేసిందా?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఓ రోజు అతను ఆమెను వదిలి, కడుపున మోసిన తల్లిని అన్నాడు. ఆ పొద్దున నూకరత్నం ఫోను చేత్తో పట్టుకునే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవి మీద బదులు సిద్ధంగా ఉందని చూడగానే తెలిసిపోయింది. దాసుగారూ చూశారు. వద్దనలేదు, కానిమ్మనలేదు. ఆ పిల్ల అలాగే నిలబడి, నిలబడి, ఫోను నా హార్మోనియం పెట్టె మీద బోర్లా పెట్టేసి, "శ్రుతి పెట్టు బాబాయ్" అంది.

నవమి సాయంత్రం పందిరి నిండింది. కూర్మారావు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. కథ పూర్వభాగం పరుగెత్తింది. ఉత్తరభాగంలో, విల్లు విరిగే ఘట్టంలో ఓ వచనం దగ్గర ఆ అమ్మాయికి మాట తట్టలేదు. వెనకనుంచి ఎవరో దగ్గారు. ఆమె అటు చూడకుండా, చిడతలు వాయిస్తూ వేదిక మీద ఓ చుట్టు తిరిగి, తిరిగి వచ్చేసరికి వచనం అందుకుంది. ఇక మంగళహారతి దాకా తడబడింది లేదు.

జనం కదిలాక కూర్మారావు దాసుగారి దగ్గరకొచ్చాడు. ఎంతైనా కథ తెలిసినవాడు, బాగా చెప్పిందని ఒప్పుకున్నాడు. తర్వాత ఉండబట్టలేక, "అన్నేసి మాటలన్నాను, ఒక్కదానికీ పలకలేదేమండీ ఆ పిల్ల?" అని అడిగాడు.

దాసుగారు వక్కపలుకు బుగ్గ మార్చుకుని, "మేత మీద ఉందిరా నాయనా" అన్నారు.