మునసబుగారి కప్పకోడలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు కప్ప. నవ్వకు మరి, నవ్వితే నిద్రెగిరిపోతుంది, తర్వాత మీ అమ్మ నన్నంటుంది.

ఆ ఊళ్ళో వెంగమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. పిల్లాజెల్లా లేరు. ఆవిడ అంట్లు తోముకునే జాలాడిలో, నీళ్ళతొట్టి పక్కన, ఒక లావుపాటి బావురుకప్ప ఉండేది. దానికి బంగారి అని పేరు పెట్టుకుంది. కప్పల్లో గొంతెత్తి అరిచేవి మగవే. ఇది ఏనాడూ అరవలేదు గనక ఆడపిల్లే అని వెంగమ్మ తేల్చేసింది. మన ఇళ్ళల్లో లెక్క వేరనుకో.

ఒక ఏడు వానల్లేవు. చేలు నెర్రెలిచ్చాయి. అప్పుడు ఊరివాళ్ళు కప్పల పెళ్ళి చేద్దామనుకున్నారు. కప్పని రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిప్పుతూ బిందెలతో నీళ్ళు పోస్తే వాన పడుతుందని వాళ్ళ నమ్మకం. తీరా వెతికితే ఊరు మొత్తంలో ఒక్క కప్ప లేదు. ఎలా ఉంటుంది? ఊరి బయట కుంటనంతా చెత్తతో నింపేశారాయె!

చివరికి మునసబు అంకయ్య పదిమందిని వెంటేసుకుని, చేతిలో రోకలితో, వెంగమ్మ గుమ్మంలోకి వచ్చాడు. "అవ్వా, నీ దగ్గరున్న కప్పనిలా పడెయ్యి" అన్నాడు.

వెంగమ్మ ఆ రోకలి వంక చూసింది. కిందటిసారి రోకలికి కట్టిన కప్ప సాయంత్రానికి ప్రాణంతో లేదు. ఇవ్వనంటే వాన రాకపోవడం తన వల్లే అంటారు. ఇస్తే బంగారి బతకదు. ఒక్క క్షణం ఆలోచించి, తలమీద కొంగు సర్దుకుని, నడుం మీద చెయ్యేసుకుంది.

"పిల్లనడగడానికి రోకలి పట్టుకుని వస్తారా ఎవరైనా? ఇంతకీ మగపెళ్ళివారెవరు?"

అందరూ మునసబు వంక చూశారు. ఊరికి పెద్ద కదా, తప్పించుకోలేక "నేనే" అన్నాడు.

"అయితే కూర్చోండి అన్నయ్యగారూ" అంది వెంగమ్మ. కొడుకు వయసువాణ్ణి పట్టుకుని అన్నయ్యగారట! "పెళ్ళికొడుకేడీ?"

"దొరుకుతాడులే."

"సరే, ఇల్లైనా చూపించండి. ఇల్లు చూడకుండా పిల్లనెవరిస్తారు?"

అప్పుడు బంగారిని తడిగుడ్డ పరిచిన బుట్టలో పెట్టుకుని, అందరితో కుంట దగ్గరికి వెళ్ళింది. చూస్తే ఏముంది, చిరిగిన చాపలు, పగిలిన కుండలు, కుళ్ళిన గడ్డి. వెంగమ్మ ముక్కు మూసుకుని "మా పిల్ల ఈ కొంపలో కాపరం చెయ్యదు" అని వెనక్కి తిరిగింది.

వాన కావాలి కదా, ఊరంతా కుంటలోకి దిగి చెత్త ఎత్తిపోశారు. అందులో ఏదీ తనదని ఒక్కరూ ఒప్పుకోలేదు. ఒక పాత మంచం బయటపడితే, తనది కానే కాదన్నాడు మునసబు. పట్టె మీద ఆయన పేరే చెక్కి ఉంది!

ఆ తర్వాత వెంగమ్మ రెండోసారి వచ్చింది. కుంటని గీకి గీకి గుండు చేసి పెట్టారు. "ఒక చాటు లేదు, నీడ లేదు. కొంగ వస్తే కోడలుపిల్ల ఎక్కడ దాక్కుంటుంది?" అంది. తిట్టుకుంటూనే గట్టున రాళ్ళు పేర్చారు. ఊటబావి పక్కనుంచి తుంగ దుబ్బులు తెచ్చి నాటారు.

మూడోసారి వచ్చి చుట్టూ తిరిగింది. "అంతా బాగుంది. మరి ఇంట్లోకి నీళ్ళు ఏ దారిన వస్తాయి?" అంది.

కుంటలోకి నీళ్ళు తెచ్చే కాలవని మునసబు ఎప్పుడో పూడ్చేసి తన మిరపతోటలో కలుపుకున్నాడు. అందరికీ తెలుసు. అనే ధైర్యం ఎవరికుంది?

మునసబు మొహం మాడ్చుకుని "పెళ్ళీ వద్దు గిళ్ళీ వద్దు" అని ఇంటికి చక్కాపోయాడు. అక్కడ ఆయన భార్య రత్తమ్మ అన్నం వడ్డిస్తూ, "తోట ఎండి వరుగైపోయింది. వాన రాకపోతే దాన్ని నెత్తిన పెట్టుకుంటారా? వియ్యపురాలి ముందు నా పరువు తీశారు" అంది. పాపం, మునసబు అన్నం సగంలోనే లేచాడు. మర్నాడు తనే పార పట్టుకుని కాలవ తవ్వాడు.

అప్పుడు పెళ్ళి పెట్టుకున్నారు. కుంట గట్టునే పందిరి. బంగారిని రోకలికి కట్టనివ్వలేదు వెంగమ్మ. పసుపు పుయ్యబోతే "దాని ఒళ్ళు మండుతుంది, నాకు పుయ్యండి" అంది. పూశారు. పెళ్ళికొడుకు దొరకలేదు గనక కుమ్మరి ఒక మట్టికప్పని చేసి పీట మీద పెట్టాడు. దానికి ఏ గోత్రం చెప్పాలా అని పురోహితుడు బుర్ర గోక్కుంటున్నాడు.

అంతలో మబ్బు పట్టింది. ఉరిమింది. పెళ్ళికే పడిందో, పడే రోజొచ్చి పడిందో నాకు తెలీదు గానీ, ధారగా వాన! మట్టి పెళ్ళికొడుకు పీట మీదే కరిగిపోయాడు. "అయ్యో, అల్లుడు!" అని వెంగమ్మ కేక పెట్టింది.

కాలవ నిండి కుంటలోకి నీళ్ళు దూకాయి. అప్పుడు, ఎండలకి భయపడి నేల లోపల పడుకున్న కప్పలన్నీ మట్టి చీల్చుకుని పైకొచ్చాయి. తొలకరికి మగ బావురుకప్పలు పచ్చబడతాయి తెలుసా, అచ్చం పసుపు పూసుకున్నట్టే! ఒక్కడు దొరకలేదనుకుంటే కుంట నిండా పెళ్ళికొడుకులే. వాళ్ళ బెకబెకలకి మంత్రాలు వినపడలేదు. బంగారి బుట్ట అంచెక్కి ఒకసారి చూసి, బుడుంగున దూకేసింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

వెంగమ్మకి నవ్వూ వచ్చింది, ఏడుపూ ఆగలేదు. బంగారి ప్రాణం దక్కింది గానీ, ఇంట్లో తనకింక ఎవరున్నారు? అప్పగింతల్లో తల్లులు పట్టుకున్నట్టే మునసబు రెండు చేతులూ పట్టుకుంది. "నోరులేని పిల్ల అన్నయ్యగారూ. కడుపులో పెట్టుకుని చూసుకోండి."

మునసబు వేళాకోళానికి ఏదో అనబోయాడు. ఆవిడ కళ్ళు చూసి మానుకున్నాడు. "నా కూతురే అనుకుంటాను చెల్లెమ్మా" అన్నాడు.

అన్నాక తప్పుతుందా? ఆ తర్వాత ఒకనాడు ఆయన బావమరిదే చెత్త తట్ట తెచ్చి కుంటలో పోయబోయాడు. "ఆగరా! అందులో మా కోడలు కాపరం చేసుకుంటోంది!" అని కర్రెత్తాడు మునసబు. బావమరిది ఆ తట్టతోనే ఇంటిదాకా పరుగు.

వానలు ముదిరాక మునసబు బండి కట్టించి వెంగమ్మని కుంటకి తీసుకొచ్చాడు. నీళ్ళల్లో తోకలు ఆడించుకుంటూ బుల్లి బుల్లి కప్పపిల్లలు, ఎక్కడ చూసినా అవే. "మనవలు, చెల్లెమ్మా!" అని చూపించాడు.

వెంగమ్మ గట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మళ్ళీ చూసుకుంది. అప్పుడు అంది, "కళ్ళు మా బంగారివే. ఆ తోకలు మాత్రం మీ వైపు పోలిక, అన్నయ్యగారూ!"

కప్ప కుంటకి, వాన పంటకి,
కథ కంచికి, కునుకు కంటికి.