భుజాల బండ మీద పల్లకీ ఎందుకు దించుతారు?

తూరుపుమెట్ట వేణుగోపాలస్వామిని దర్శించుకుని కొండ దిగే భక్తులకు సగం దారిలో నల్లటి చదును బండ ఒకటి కనిపిస్తుంది. దాని మీద విగ్రహం లేదు, గొడుగు లేదు. పసుపు కుంకుమలు మాత్రం ఎప్పుడూ తడిగానే ఉంటాయి. భుజాల బండ అంటే ఇదే. ఫాల్గుణ పున్నమికి స్వామి పల్లకీ ఏటి స్నానానికి దిగేటప్పుడు దీని మీద దించి తీరాలి. ఎంత తొందరలో ఉన్న అర్చకులైనా ఈ ఆచారాన్ని దాటి పోలేదు.

పూర్వం ఇక్కడ మెట్లు లేవు, జారుడు దారి ఒక్కటే. పల్లకీ మోతకర్రల ముందు కొమ్ములు రెండూ తవిటయ్య, గవరయ్య అనే బోయీలు పట్టేవారు. తవిటయ్య అంటే ఊరందరికీ ప్రాణం. దారిలో రాయి ఉంటే వెనకవాళ్లకు పాటలో కలిపి చెప్పేవాడు. అలసినవాడికి తన వంతు గంజి పోసేవాడు. ఇల్లు చేరగానే కూతుళ్లిద్దరినీ ఒరుసుకుపోయిన ఆ భుజాల మీదికే ఎక్కించుకుని వీధంతా తిప్పేవాడు. గవరయ్యతో అతడిది చిన్ననాటి చెలిమి. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

గవరయ్య చెడ్డవాడేమీ కాదు, కాస్త ఒళ్లు దాచుకునే మనిషి. దిగుడులో బరువంతా ముందుకు వస్తుంది కదా, అప్పుడతడు మోకాళ్లు రవ్వంత వంచేవాడు. కొమ్ము అతడి భుజాన్ని తాకీ తాకనట్టు ఉండి, బరువు పక్కవాడి మీదికి ఒరిగేది. వెనకనుంచి చూసేవాళ్లకు తెలిసే వీలు లేదు. తవిటయ్య ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, మళ్లీ పాట అందుకునేవాడు.

ఒక మాఘమాసంలో తవిటయ్య జ్వరంతో పోయాడు. స్నానం చేయించేటప్పుడు మోతకు అతడి భుజం మీద కాచిన కాయ చూసి ఊరు ఊరంతా ఏడ్చింది. గవరయ్య ఏడుస్తూనే పైగుడ్డ తన భుజం మీదికి లాక్కున్నాడు. అక్కడ చర్మం నున్నగా ఉంది. దినం నాడు జనం తవిటయ్య మంచితనం తలుచుకుంటూ, "ఇద్దరూ ఒక్కలాగే మోసినార్రా" అని తననూ మెచ్చుకుంటూంటే సిగ్గుతో అతడు విస్తరి ముందునుంచి లేచాడు. తవిటయ్య భార్య అసిరమ్మ, కొమ్ము ఒరుసుకోకుండా భర్త భుజాన వేసుకునే మడతగుడ్డ తెచ్చి అతడి చేతిలో పెట్టింది.

"అన్నియ్యా, పున్నానికి ఆడి జాగాలో నువ్వే పట్టాల."

గవరయ్య ఆ గుడ్డను ఇంటికి తీసుకెళ్లాడు.

పున్నమి నాడు గవరయ్య ఆ మడతగుడ్డ భుజాన వేసుకుని తవిటయ్య కొమ్ము పట్టాడు. కొత్తవాడొకడు పక్కన నిలవగా, ఆ దిగుడులో అతడు మోకాళ్లు వంచలేదు; అసలు బరువు మొదటిసారి అతడి మీద పడింది. ఇన్నేళ్లూ బావ మోసింది ఇదా అనుకున్నాడు. ఇక అడుగు వేయలేక పల్లకీని ఈ బండ మీద దింపించాడు. ఆ తర్వాత ఎంతమంది పట్టినా అది లేవలేదు.

"ఏడాది తిరక్కుండా సావింటి గుడ్డ సామి పల్లకీ కింద ఎట్టినారు. మరి లెగుస్తాదా? తీసి లోయలో పారీండి!" అన్నాడొక పెద్దాయన.

వెంట నడుస్తున్న అసిరమ్మ తానే తప్పు చేసినట్టు తల వంచుకుంది. నోరు మెదపకపోతే గవరయ్యకు ఆ పూట గడిచిపోయేది, పోయినవాడి పేరుకు మాత్రం మచ్చ మిగిలేది. అతడు మడతగుడ్డ బండ మీద పెట్టి, తన పైగుడ్డ లాగి అవతల పడేశాడు.

"సూడండి, కాయుందా? మోసినోడు ఆడు. నాను పక్కన నడిసినాను, అంతే."

అసిరమ్మ అతడి దగ్గరికి వచ్చింది.

"ఆడికి తెలుసు అన్నియ్యా. 'బావకి నడుం నొప్పి కాబోలు, ఎవులికీ సెప్పకు' అనీవోడు."

గవరయ్యకు నడుంనొప్పి ఏనాడూ లేదు. అతడు ఈ బండ మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అసిరమ్మ మడతగుడ్డ తీసి తానే అతడి భుజాన వేసింది. ఈసారి పట్టగానే పల్లకీ లేచింది. స్వామి కలలో కనిపించి క్షమించానంటాడేమోనని గవరయ్య బతికినన్నాళ్లూ ఎదురుచూశాడట. స్వామి కలలోకి రాలేదు. ఏటేటా బరువు మాత్రం ఇచ్చాడు.

నేటికీ భక్తులు ఈ బండకు భుజం ఆనించి, తమ బరువు మోసి వెళ్లిపోయినవారి పేరు పైకి చెప్పుకుంటారు. అలా చెప్పుకున్న ఇంట పోయినవారి దీవెన నిలుస్తుందని నమ్మకం. పున్నమి నాడు గవరయ్య వంశంవాడు పైగుడ్డ తీసేసి, తవిటయ్య ఇంటి ఆడపడుచు ఎదుట నిలబడి, "మోసినోడు మీవోడు" అంటాడు. ఆమె మడతగుడ్డ అతడి భుజాన వేస్తుంది. అప్పటిదాకా పల్లకీని ఎవరూ ముట్టుకోరు.